కనబడని ఒక్క అక్షరం కోసం 161 రోజులు: ఓపెన్ సోర్స్‌లో నా మొదటి ప్యాచ్

2024 జూన్ 9, ఆదివారం పొద్దున. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి చివర ఉన్న తెలుగు పఠన మందిరంలో కూర్చుని పుస్తకాలకు లేబుళ్లు అచ్చు వేస్తున్నాను. ఒకాయన తన తండ్రిగారి పుస్తకాలు 64 తెచ్చి ఇచ్చారు. తండ్రిగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు, అంతకుముందు సంవత్సరమే కాలం చేశారు. ప్రతి పుస్తకం లోపలి అట్ట మీద ఆయన పేరుతో చిన్న లేబుల్ అతికించాలి. పేరు విజయ్‌కుమార్. నేను టైపు చేసింది అదే. కాగితం మీద వచ్చింది మాత్రం విజయ్కుమార్. యకు కొమ్ము వచ్చి కూర్చుంది, దాని కింద కవత్తు వేలాడుతోంది.

మాస్టారు లేబుల్‌ను కిటికీ వెలుతురుకు పట్టి చూశారు. ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పిన మనిషి. "ఏమిటమ్మా ఇది? ఎలా చదవాలి దీన్ని?" అన్నారు. "రేపు ఆ అబ్బాయి వస్తాడు. తండ్రి పేరు ఇలా ఉంటే మన దగ్గర పుస్తకాలు ఎందుకిచ్చానా అనుకోడూ?"

ఆయన గొంతు పెంచలేదు. అందుకే నాకు ఎక్కువ బాధేసింది. ఆ రోజు 64 లేబుళ్లూ చేత్తో రాశాం.

నేను బస్టాండు దగ్గర మామయ్య జెరాక్సు, డీటీపీ షాపులో పనిచేస్తాను. బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. పైథాన్ ఒక సెమిస్టరు చెప్పారు, అంతకు మించి రాదు. పఠన మందిరంలో 3,000కు పైగా పుస్తకాలున్నాయి. చిన్న గ్రంథాలయాలకు పనికొచ్చే ఒక ఉచిత ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంను (దాని కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు) రెండేళ్ల కిందట నేనే తెచ్చి అక్కడి పాత కంప్యూటర్‌లో పెట్టాను. ప్రోగ్రాం పేరు ఇక్కడ రాయడం లేదు. దాన్ని నడిపేవాళ్లు పది మంది కూడా ఉండరు, వాళ్ల గురించి ఇలా రాస్తానని నేను వాళ్లను అడగలేదు. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను. ఎందుకంటే ఇలాంటి పని మొదలుపెట్టే ముందు నాకు ఎవరూ ఇవి చెప్పలేదు.

మొదట ఫాంటును అనుమానించాను. మూడు ఫాంట్లు మార్చాను. ప్రింటరు మార్చాను. షాపులో పని అయ్యాక మూడు సాయంత్రాలు దానికే పోయాయి. నోట్‌ప్యాడ్‌లో రాస్తే పేరు సరిగానే ఉంది. ప్రోగ్రాంలో టైపు చేస్తున్నంతసేపూ సరిగానే ఉంది. 'భద్రపరచు' నొక్కి మళ్లీ తెరిస్తే చెడిపోతోంది. అంటే తప్పు అచ్చులో లేదు, దాచుకోవడంలో ఉంది. పైథాన్ తెరిచి రెండు పేర్లలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టమన్నాను. నేను రాసినదానికి 12 అంది. ప్రోగ్రాం దాచినదానికి 11 అంది. ఎక్కడో ఒకటి పోయింది.

పోయింది ఏదో చూపిస్తాను. 'విజయ్' తరువాత 'కుమార్' రాసేటప్పుడు యకు పొల్లు పెడతాం. ప్రతి భాష అక్షరాలకూ ఒక్కో సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. అందులో పొల్లు వెంటనే ఇంకో హల్లు వస్తే రెండూ కలిసి వత్తు అవ్వాలి, అది నియమం. కలవకూడదు అనుకుంటే మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. సంఖ్య 200సి. వెడల్పు లేదు, ధ్వని లేదు, కాగితం మీద చుక్క కూడా పడదు. అది ఉంటే 'సాఫ్ట్‌వేర్', లేకపోతే 'సాఫ్ట్వేర్'. మన ఫోన్లలో ఇంగ్లీషు మాటలూ ఉత్తరాది పేర్లూ తెలుగులో రాసినప్పుడు చాలాసార్లు అది పనిచేస్తూనే ఉంటుంది. నేను పదేళ్లుగా తెలుగు టైపు చేస్తున్నాను, అలాంటిది ఒకటి ఉందని ఆ రాత్రి దాకా నాకు తెలియదు.

ఇక ప్రాజెక్టుకు చెప్పాలి. చెప్పే ముందు పాత ఫిర్యాదులన్నీ వెతికాను. అదే మాట ఇంకొకరు ముందే చెప్పి ఉంటే కొత్తది తెరవకూడదు, ఉన్నదాని కిందే రాయాలి. వెతకడానికి రెండు గంటలు పట్టింది, కానీ అందులోనే అసలు కారణం దొరికింది. మూడేళ్ల కిందట ఎవరో వెబ్ పేజీల నుంచి పుస్తకాల పేర్లు కాపీ చేసి అతికిస్తే వాటితోపాటు కనబడని చెత్త అక్షరాలు వచ్చి, వెతికినప్పుడు పుస్తకం దొరక్కుండా పోయిందట. అది న్యాయమైన ఇబ్బందే. దాన్ని సరిచేయడానికి ఒక వరుస కోడ్ చేర్చారు. యూనికోడ్‌లో ఇలాంటి కనబడని అక్షరాలను ఫార్మాట్ అక్షరాలనే ఒక తరగతిలో పెట్టారు. ఆ వరుస ఆ తరగతి మొత్తాన్ని తుడిచేస్తోంది. చెత్తతోపాటు మన 200సి కూడా పోతోంది. ఎవరి నిర్లక్ష్యమూ కాదు. ఆ వరుస రాసినవాళ్ల భాషకు దాని అవసరం లేదు, అంతే.

జూన్ 12 రాత్రి, ప్రోగ్రాం కోడ్ ఉండే గిట్‌హబ్ అనే వెబ్‌సైటులో ఇష్యూ తెరిచాను, అంటే ఫిర్యాదు పెట్టాను. మొత్తం 14 వరుసలు. రాయడానికి నాలుగు గంటలు పట్టింది. కోడ్ వల్ల కాదు, ఇంగ్లీషు వల్ల. నా ఇంగ్లీషు చూసి ఏమనుకుంటారో అన్న భయం వల్ల. చివరికి మూడు ముక్కలుగా రాశాను: నేను ఏం చేశాను, ఏం వస్తుందనుకున్నాను, ఏం వచ్చింది. ప్రోగ్రాం వెర్షన్ సంఖ్య రాశాను. లేబుల్ ఫొటో పెట్టాను. పంపే బొత్తం మీద బాణం పెట్టి కాసేపు కూర్చుని, తరువాత నొక్కాను.

ఆ తరువాత ఏమీ జరగలేదు.

రోజుకు పదిసార్లు ఫోను చూసుకున్నాను. ఒక వారం పోయింది. రెండో వారం పోయింది. జెరాక్సు మిషను దగ్గర నిలబడి కూడా చూస్తుంటే మామయ్య అడిగారు, "పెళ్లి సంబంధం వాళ్ల కబురా?" అని. సంగతి చెప్పాను. "జీతం లేని పని చేసేవాళ్లు తీరిక దొరికినప్పుడే కదమ్మా చూస్తారు. మన పఠన మందిరం మాత్రం రోజూ తెరుస్తున్నామా?" అన్నారు. ఆ మాట నాకు అందింది. మాదీ బుధవారం, ఆదివారమే తెరుస్తాం.

19 రోజుల తరువాత, జూలై 1న నిర్వాహకుల్లో ఒకాయన నుంచి జవాబు వచ్చింది. ఫోను తీయగానే గుండె దడదడలాడింది. తెరిచి చదివితే సారాంశం ఇది: ప్రయత్నించాను, తేడా ఏమీ కనబడలేదు, రెండు పేర్లూ నాకు ఒకేలా ఉన్నాయి, ఇంకా వివరాలు ఇవ్వగలరా.

ఆ రాత్రి అన్నం సహించలేదు. అంత పెద్ద కవత్తు వేలాడుతుంటే ఒకేలా ఉన్నాయంటారేమిటి అని కోపం వచ్చింది. తెల్లవారి షాపుకు వెళ్తూ గోడ మీద ఒక ఒడియా పోస్టరు చూశాను. నేను పుట్టిన ఊరే, ఒడియా బాగానే మాట్లాడతాను, కానీ వేగంగా చదవలేను. రెండు ఒడియా అక్షరాల మధ్య చిన్న తేడా ఉంటే నేను మాత్రం చూపు తిప్పకుండా పట్టేస్తానా? ఆ పెద్దమనిషికి తెలుగు అక్షరాలు గీతలూ సున్నలే. ఆయన కంటితో చూసే తేడా నేను ఇవ్వలేదు. ఆయన లెక్కపెట్టుకోగలిగిన తేడా ఇవ్వాలి.

జూలై 3న మళ్లీ రాశాను. ఈసారి రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి, తేడా ఉన్నచోట ఎర్ర సున్న చుట్టాను. కింద రెండు పేర్లలోని అక్షరాల సంఖ్యలు వరుసగా రాశాను. పొల్లు 0సి4డి, దాని వెంట 200సి, ఆ తరువాత క. రెండో పేరులో 200సి ఉండాల్సినచోట ఏమీ లేదు. పన్నెండు, పదకొండు. తెలుగు రాని మనిషి కూడా ఒక నిమిషంలో సరిచూసుకోగలిగేలా ఆరు వరుసల పైథాన్ కోడ్ పెట్టాను.

మూడు రోజుల్లో జవాబు వచ్చింది. జూలై 6 సాయంత్రం. ఇప్పుడు కనబడింది, క్షమించండి అని రాశారు. ఇష్యూకు 'బగ్' అన్న ఎర్ర లేబుల్ వేశారు. మరుసటి రోజు రథయాత్ర. ఊరంతా వీధుల్లో ఉంటే నేను జనంలో నిలబడి ఫోనులో ఆ ఎర్ర లేబుల్‌ను మళ్లీ మళ్లీ చూసుకున్నాను. ఆ జవాబు చివర ఇంకో వాక్యం ఉంది: ఆ వరుస ఫలానా ఫైల్లో ఉంది, మీరే ప్యాచ్ పంపుతారా? ప్యాచ్ అంటే తప్పును సరిచేసే కోడ్ మార్పు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అంతకుముందు రెండేళ్లపాటు నేను ఓపెన్ సోర్స్‌లో ఏదైనా చేయాలని, కొత్తవాళ్లకోసం సులువైనవని గుర్తుపెట్టిన ఇష్యూల జాబితాలు ఎన్నో తిరగేశాను. ఒక్కటీ మొదలుపెట్టలేదు. అవి ఎవరి ఇబ్బందులో. మొదలుపెట్టినా మధ్యలో వదిలేసేదాన్ని. ఈ వరుస విషయంలో అలా కాదు. అది సరిగా ఉండాలని అడిగే మనిషి ప్రతి బుధవారం నా ఎదురుగా కూర్చుంటున్నారు. కొత్తగా వచ్చేవాళ్లు నన్ను అడిగితే, మీరు రోజూ వాడే ప్రోగ్రాంలో మీకు గుచ్చుకున్న ముల్లు దగ్గరే మొదలుపెట్టండి అంటాను.

మార్చాల్సింది ఒక్క వరుస. దాని చుట్టూ ఉన్న ఏర్పాట్లకు నాలుగు వారాలు పట్టాయి.

మొదట ప్రోగ్రాం సోర్స్ కోడ్ నా ల్యాప్‌టాప్‌లో నడవాలి. 4 జీబీ ర్యామ్. బ్రౌజరు, ఎడిటరు, ప్రోగ్రాం మూడూ తెరిస్తే బిగుసుకుపోయేది. జూలై 14న శ్రీకాకుళం వెళ్లి పాత ర్యామ్ ఒకటి 1,750 రూపాయలకు కొన్నాను. బస్సుకు రానూపోనూ 220. డేటా అయిపోయి మూడుసార్లు అదనపు ప్యాకులు వేసుకున్నాను, మొత్తం 450. ఈ వ్యవహారంలో నా చేతి నుంచి పోయింది అదే, 2,420 రూపాయలు. నేను బయలుదేరేముందు లెక్కపెట్టుకోని ఖర్చు అది. షాపులో పెద్ద కంప్యూటరు ఉంది, కానీ గిరాకీ ఉన్నప్పుడు దాని మీద నా సొంత పని పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

గిట్‌హబ్‌లో కోడ్ పంపేవాళ్లకు రెండంచెల తాళం తప్పనిసరి. పాస్‌వర్డు ఒక్కటే చాలదు, ఫోనులో వచ్చే కోడ్ కూడా కావాలి. ఫోను పోతే లోపలికి రావడానికి కొన్ని రికవరీ కోడ్‌లు ఇస్తారు. వాటిని ఫోనులోనే ఫొటో తీసి దాచుకోకండి. ఫోను పోయిననాడు అవీ పోతాయి. నేను కాగితం మీద అచ్చు వేసి పఠన మందిరం స్టాకు రిజిస్టరు అట్టలో పెట్టాను. ఇంకో సంగతి: కంప్యూటర్ నుంచి గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే ప్రోగ్రాం) ద్వారా కోడ్ పంపేటప్పుడు పాస్‌వర్డు అడిగితే మామూలు పాస్‌వర్డు కొడతాం, అది ఒప్పుకోదు. 2021 ఆగస్టు నుంచి ఆ దారి మూసేశారు. పాస్‌వర్డుకు బదులు వాడే టోకెన్ అయినా, ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవి అయినా చేసుకోవాలి. నేను పాస్‌వర్డే తప్పు కొడుతున్నాననుకుని ఒక పూటంతా పోగొట్టుకున్నాను.

జూలై 21 రాత్రి జరిగింది తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. ప్రాజెక్టుకు నా సొంత నకలు తీసుకున్నాను, దాన్నే ఫోర్క్ అంటారు. అందులో కొత్త బ్రాంచి, అంటే మార్పుల కోసం వేరే పాయ, చేసి వరుస మార్చాను. పరీక్షించడానికి మా పఠన మందిరం అసలు డేటా ఫైలును ఆ ఫోల్డరులోనే పెట్టుకున్నాను. గిట్‌లో మారినవన్నీ ఒక్కసారే చేర్చే ఆజ్ఞ ఇచ్చి, కమిట్ చేశాను, అంటే మార్పులను చరిత్రలో నమోదు చేశాను. పైకి పంపే ముందు ఎందుకో ఒకసారి ఏయే ఫైళ్లు వెళ్తున్నాయో చూశాను. రెండు ఫైళ్లున్నాయి. ఒకటి నేను మార్చినది. రెండోది డేటా. అందులో 212 మంది సభ్యుల పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. పైకి వెళ్తే అది ప్రపంచంలో ఎవరైనా చూడగలిగే చోట ఉంటుంది. తరువాత ఫైలును తీసేసినా గిట్ చరిత్రలో పాత ప్రతి అలాగే మిగిలి ఉంటుంది. ఇంకో ఆజ్ఞ కొట్టి ఉంటే అయిపోయేది. ఫోల్డరు మొత్తం తుడిచేసి మళ్లీ మొదటి నుంచి తెచ్చుకున్నాను. అప్పటి నుంచి మారిన ఫైళ్లను పేరు పేరునా చేరుస్తాను, పంపే ముందు తేడాను వరుస వరుసగా చదువుతాను. పరీక్షకు ఉత్తుత్తి పేర్లతో 20 పుస్తకాల జాబితా వేరే చేసుకున్నాను.

ఇలాంటిదే చిన్నది ఇంకొకటి. ప్రతి కమిట్‌తోపాటు మన పేరు, ఈమెయిలు శాశ్వతంగా నమోదవుతాయి, అందరికీ కనబడతాయి. నాకు ఇది ముందు తెలియదు. సొంత ఈమెయిలు ఇవ్వడం ఇష్టం లేనివాళ్లకు గిట్‌హబ్ వేరే చిరునామా ఒకటి ఇస్తుంది. మొదటి కమిట్‌కు ముందే అది పెట్టుకోవాలి.

ఆగస్టు 4, ఆదివారం మధ్యాహ్నం పుల్ రిక్వెస్ట్ పంపాను. ఈ మార్పును మీ కోడ్‌లో కలుపుకోండి అని అడగడమే అది. పంపిన నిమిషానికే రెండు ఎర్ర గుర్తులు వచ్చాయి. మనుషులు కాదు, యంత్రం. మొదటిది సంతకం. ఈ కోడ్ నేను రాసిందే, ఇచ్చే హక్కు నాకు ఉంది అని ప్రతి కమిట్ చివర ఒక వరుస ఉండాలి. లినక్స్ కెర్నల్‌లో 2004లో మొదలైన పద్ధతి, ఈ ప్రాజెక్టూ పాటిస్తుంది. నేను నియమాల ఫైలు చదివాను, ఆ పేరా దాటేశాను. అయిదు నిమిషాల్లో సరిచేశాను. రెండో ఎర్ర గుర్తుకు రెండు రోజులు పట్టింది. నేను మార్చింది ఒక్క వరుస అయితే ఫైల్లోని 480 వరుసలూ మారినట్టు చూపిస్తోంది. పైనుంచి కింద దాకా ఎరుపు, మళ్లీ పైనుంచి కింద దాకా ఆకుపచ్చ. నా విండోస్ ఎడిటరు ప్రతి వరుస చివర ఉండే కనబడని గుర్తును లినక్స్ పద్ధతి నుంచి విండోస్ పద్ధతికి మార్చేసింది. కనబడని అక్షరాన్ని కాపాడదామని వచ్చి 480 కనబడని అక్షరాలు నేనే చేర్చాను.

ఆగస్టు 13న రివ్యూ, అంటే నా కోడ్ చదివి చెప్పే అభిప్రాయం, వచ్చింది. ఈసారి వేరే ఆవిడ. నా వరుసను మెచ్చుకోలేదు, తప్పూ పట్టలేదు. ఒక ప్రశ్న అడిగారు. "ఈ అక్షరాన్ని ఇకపై దాచిపెడతాం, సరే. మరి పుస్తకం వెతికేవాళ్లు ఆ అక్షరం లేకుండా టైపు చేస్తే వాళ్లకు పుస్తకం దొరుకుతుందా?"

ప్రయత్నించాను. దొరకలేదు. పేరు సరిగా అచ్చు వేయాలనే పట్టుదలలో, ఆ పేరుతో వెతికే మనిషిని నేను మరిచిపోయాను. తుడిచే వరుసను మొదట ఎవరు ఎందుకు రాశారో ఆ పని నా మార్పుతో చెడిపోతోంది. ఆ ప్రశ్న చదివిన తరువాతే నాకు రివ్యూ అంటే ఏమిటో తెలిసింది. అప్పటిదాకా పరీక్ష పేపరు దిద్దడం లాంటిదనుకున్నాను. ఆవిడకు తెలుగు రాదు. అయినా మా పఠన మందిరానికి వచ్చే పాఠకుడి గురించి నాకంటే ముందు ఆలోచించారు.

దానికి విరుగుడు కనుక్కోవడానికి వారం పట్టింది. దాచేటప్పుడు అక్షరాన్ని ఉంచాలి. వెతికేటప్పుడు మాత్రం, వెతికే మాటలో నుంచీ పుస్తకం పేరులో నుంచీ దాన్ని తాత్కాలికంగా తీసేసి పోల్చాలి. అంటే ఒక వరుస మార్పు రెండు చోట్లకు పెరిగింది. దానితోపాటు పరీక్షలు రాయమన్నారు. రేపు ఎవరైనా తెలియక మళ్లీ ఆ అక్షరాన్ని తుడిచేస్తే యంత్రమే పట్టుకోవాలి కదా. ఆరు పరీక్షలు రాశాను. నాలుగు తెలుగువి: విజయ్‌కుమార్, సాఫ్ట్‌వేర్, రాజ్‌కమల్, ఎస్‌ఎస్‌సి. రెండు ఒడియావి. ఒడియా పేర్లు మా షాపు పక్క మందుల దుకాణంలో పనిచేసే అమ్మాయి చెప్పింది. "అక్కా, మా పేర్లు కూడా చెడిపోతున్నాయా?" అని అడిగి, తన అత్తవారి ఊరి పేరుతో సహా రాసిచ్చింది.

ఆ రోజుల్లోనే యూనికోడ్ పట్టికలు తిరగేస్తుంటే సవరుల లిపి కనబడింది, సొరా సొంపెంగ్. 2012లో యూనికోడ్‌లో చేర్చారు. సవర మా కొండల మీద మాట్లాడే భాష. ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని నిఘంటువు చేశారని మాస్టారు పదిసార్లు చెప్పి ఉంటారు. ఆయన ఫొటో పఠన మందిరం గోడకు ఉంది. ఆ పట్టికను అచ్చు తీసి మాస్టారుకు ఇచ్చాను. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆగస్టు 25న మార్చిన కోడ్ పంపాను. మళ్లీ నిశ్శబ్దం. ఈసారి ఫోను పట్టుకుని కూర్చోలేదు. ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం నాడు పఠన మందిరంలో చిన్న సభ. ఆ రోజు మధ్యాహ్నం నా పుల్ రిక్వెస్ట్ కింద తెలియని మనిషి ఒకరు రాశారు. వాళ్లది పారశీకం. వాళ్ల భాషలో క్రియాపదాల లోపల ఇదే అక్షరం వాక్యానికి ఒకటి రెండుసార్లు వస్తుందట. తమ ఊరి గ్రంథాలయంలో మూడేళ్లుగా పేర్లన్నీ అతుక్కుపోయి వస్తుంటే ప్రోగ్రాం అంతేననుకుని ఊరుకున్నామని, ఇప్పుడు నా కోడ్‌తో పరీక్షిస్తే సరిగా వస్తోందని రాసి, చివర ధన్యవాదాలు చెప్పారు. సభ మధ్యలోనే లేచి బయటికి వచ్చాను. కళ్లు తడిశాయి. నేను మా విజయ్‌కుమార్ గారి పేరు ఒక్కటే చూశాను. అటు చివర ఇంకో భాషే ఉంది.

వాళ్లు కోడ్ రాయలేదు. నడిపి చూసి, పనిచేస్తోందని రెండు వాక్యాలు రాశారు. ఆ రెండు వాక్యాల తరువాతే నిర్వాహకులు కదిలారని నా నమ్మకం. తెలుగూ పారశీకమూ రెండూ రానివాళ్లకు ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే మాట చెప్పడం పెద్ద ధైర్యం. అందుకే కోడ్ రానివాళ్లు నన్ను మేమేం చేయగలం అని అడిగితే ముందు ఇదే చెబుతాను. ఎవరో తెరిచిన ఇష్యూను మీ కంప్యూటర్‌లో చేసి చూసి, నాకూ ఇలాగే వస్తోంది, నా వెర్షన్ ఇది అని రాయండి. తరువాత ఆ ప్రోగ్రాం తెలుగు అనువాదం ఎంతవరకు ఉందో చూడండి. నేనూ మధ్యలో ఎదురుచూస్తూ 90 వరకు మాటలు అనువదించాను. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. వాక్యాల మధ్య శాతం గుర్తుతో వచ్చే ముక్కలను ముట్టుకోకూడదు, వాటి స్థానంలో ప్రోగ్రాం సంఖ్యలూ పేర్లూ పెడుతుంది. తెలుగు వాక్యంలో ఆ ముక్క ముందుకో వెనక్కో జరగవచ్చు, కానీ పోకూడదు. ఇక మాటల ఎంపికలో నేను మాస్టారితో గొడవపడ్డాను. ఆయన 'దస్త్రం' అన్నారు, నేను 'ఫైలు' అన్నాను. గోడ మీది గిడుగు వారి ఫొటో వైపు చూపించి, జనం మాట్లాడే మాటే రాయమన్నది ఆయనే కదా మాస్టారూ అన్నాను. 'ఫైలు' ఉండిపోయింది.

సెప్టెంబరు 18, బుధవారం రాత్రి 10 గంటల 40 నిమిషాలకు ఊదారంగు గుర్తు వచ్చింది. కలిపేశారు. ఇష్యూ తెరిచిననాటి నుంచి 98 రోజులు. అమ్మను నిద్ర లేపి చెప్పాను. "మంచిది, పడుకో" అంది. పొద్దున లేచి తనే మళ్లీ అడిగింది, రాత్రి ఏదో అన్నావు, ఏమిటది అని.

కలిపితే అయిపోయిందనుకున్నాను. అది నా అతి పెద్ద తెలియనితనం. కలిపిన కోడ్ విడుదలైన ప్రోగ్రాంలోకి రావాలంటే తదుపరి వెర్షన్ దాకా ఆగాలి. మాస్టారు ప్రతి బుధవారం అడిగేవారు, వచ్చిందా అని. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది. నవంబరు 20న కొత్త వెర్షన్ వచ్చింది, మొత్తం 161వ రోజున. మార్పుల జాబితాలో ఒక వరుస, పక్కన నా పేరు. దాని పక్కన పరీక్షించిన ఆ పారశీక మిత్రుల పేరు కూడా ఉంది. మాస్టారు ఆ పేజీని అచ్చు వేయించి గోడకు అతికించమన్నారు. వద్దన్నాను. వినలేదు.

నవంబరు 24, ఆదివారం. కొత్త వెర్షన్ పెట్టి, మాస్టారునే కూర్చోబెట్టి టైపు చేయించాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ విజయ్‌కుమార్ అని కొట్టారు. భద్రపరిచి, మూసి, మళ్లీ తెరిచాం. అలాగే ఉంది. 64 లేబుళ్లూ అచ్చు వేసి, జూన్‌లో చేత్తో రాసినవాటి మీద అతికించాం.

అయితే పాత పేర్లు తమంతట తాము బాగుపడవు. రెండేళ్లలో ఎక్కించినవాటిలో పోయిన అక్షరం ఎక్కడ ఉండేదో ప్రోగ్రాంకు తెలియదు, 'య్కు' అని ఉంటే అది వత్తా, పోయిన అక్షరమా అని చెప్పగలిగేది చదివే మనిషే. పొల్లు తరువాత హల్లు వచ్చే అనుమానపు మాటలన్నీ ఏరితే 1,130 తేలాయి. నేను తెర మీద చూస్తూ ఒక్కొక్కటే చదువుతాను, మాస్టారు పుస్తకం అట్ట చూసి అవును, కాదు అంటారు. ఆదివారానికి 60, 70 అవుతాయి. పోయిన ఆదివారానికి 'మ' దాకా వచ్చాం.